హాజరు పట్టీయే హామీ

అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కితే ముందుగా అడిగేది ఆస్తి సంగతి. పొలం పాసు పుస్తకమో, ఇంటి దస్తావేజో, బంగారమో చూపించాలి. పల్లెలో పేదింటి ఆడమనిషికి మొదటి రెండూ తన పేరున ఉండవు. మూడోది ఉన్నా ఏ కానుపుకో, ఏ పెట్టుబడికో ఎప్పుడో కుదువకు వెళ్లి ఉంటుంది. అలాంటి వాళ్లు పది పన్నెండు మంది సంఘంగా వెళితే అదే బ్యాంకు లక్షల్లో అప్పిస్తోంది. తాకట్టు అక్కర్లేదు, పూచీకి భర్త సంతకమూ అక్కర్లేదు. సంఘం క్రమం తప్పకుండా కూర్చుంటోందా, ఎంతమంది వస్తున్నారు, ఎంత దాచారు, దాచిన దాన్ని తమలో తాము అప్పుగా ఇచ్చుకుంటున్నారా, తీసుకున్నవాళ్లు తిరిగి కడుతున్నారా, ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయా. మేనేజరు చూసేది ఇవే. ఆస్తి లేనివాళ్ల దగ్గర అలవాటునే ఆస్తిగా లెక్కగట్టిన ఈ ఏర్పాటే డ్వాక్రా సంఘం.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి కోటి మందికి పైగా మహిళలు ఈ సంఘాల్లో ఉన్నారు. ఏ ప్రభుత్వం వచ్చినా పథకాల్ని ఇళ్లకు చేర్చడానికి ఇదే దారి పట్టింది. ఏ పార్టీ ఎన్నికలకు వెళ్లినా ప్రణాళికలో వీళ్లకు ఒక పేజీ కేటాయించక తప్పలేదు. ఇంత బరువు మోస్తున్న నిర్మాణాన్ని భాగం వెంట భాగంగా విప్పి చూస్తే, దీన్ని అల్లినవాళ్లు ఆడవాళ్ల బతుకును ఎంత దగ్గరగా చూశారో తెలుస్తుంది.

ముందు సంఖ్య దగ్గర మొదలుపెడదాం. సంఘంలో సాధారణంగా పది నుంచి పదిహేను మంది ఉంటారు. ఇరవై మాత్రం దాటకూడదు. ఈ పై హద్దును నిర్ణయించింది చట్టం. లాభం కోసం ఏర్పడిన బృందంలో ఇరవై మందికి మించితే విధిగా రిజిస్టర్ కావాలని 1956 నాటి కంపెనీల చట్టం చెప్పింది. రిజిస్ట్రేషన్ అంటే పట్నం ప్రయాణం, ఫీజులు, ఆడిటరు, ఏటేటా దాఖలు చేయాల్సిన కాగితాలు. ఇరవై లోపు ఆగిపోతే ఆ బాదరబందీ ఏదీ ఉండేది కాదు. కింది హద్దును నిర్ణయించింది లోకజ్ఞానం. మరీ నలుగురైదుగురైతే పోగయ్యే పొదుపు ఒకరి అవసరానికీ చాలదు, ఇద్దరు నాట్లకు పోతే ఆ రోజు సమావేశమే ఉండదు. ఇంటికి ఒక్కరే చేరాలన్నది మరో నియమం. అత్తాకోడళ్లిద్దరూ ఒకే సంఘంలో ఉంటే ఒకే ఇంటి మాట రెండుసార్లు లెక్కకొస్తుంది, లేదా కోడలి మాట అసలు బయటకే రాదు. సభ్యులంతా ఒకే పేటవాళ్లై ఉండాలి, ఆర్థికంగా ఇంచుమించు ఒకే స్థితిలో ఉండాలి. మన ఊళ్లలో పేటలు కులాల వారీగా ఉంటాయి కాబట్టి సంఘాలు కూడా చాలావరకు అలాగే ఏర్పడ్డాయి. ఆ గీత చెరిపే పని ఈ మెట్టు మీద జరగలేదు, పై మెట్టుకు మిగిలిపోయింది.

రెండో భాగం సమావేశం. సంఘాల్లో ఎవర్నడిగినా పంచసూత్రాలు గుక్క తిప్పుకోకుండా చెబుతారు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తక నిర్వహణ. మిగతా నాలుగూ మొదటిదాన్ని ఆనుకుని నిలబడ్డవే. బాగా నడిచే సంఘంలో ఆ గంటసేపు ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒక్క కుర్చీ వేసినా అది లీడరుదవుతుంది, మిగిలినవాళ్లు ఆమె ఎదుట కూర్చున్నట్టవుతుంది. ముందు హాజరు వేస్తారు, ఆలస్యానికీ గైర్హాజరుకూ జరిమానా రాస్తారు. గత సమావేశపు తీర్మానాలు చదువుతారు. తర్వాత ఒక్కొక్కరే తన పొదుపు మొత్తాన్ని అందరికీ వినబడేలా చెప్పి డబ్బు మధ్యలో పెడతారు. అప్పున్నవాళ్లు అసలెంతో, వడ్డీ ఎంతో విడివిడిగా చెప్పి కంతు కడతారు. మొత్తం ఇద్దరు లెక్కబెడతారు. అప్పుడు అడిగే ప్రశ్న: ఈసారి ఎవరికి అవసరం? ఒకామె పిల్లాడి ఫీజంటుంది, ఒకామె గేదె అంటుంది, ఇంకొకామె భర్తకు ఆసుపత్రి ఖర్చంటుంది. ఎవరిది ముందో అందరూ మాట్లాడుకుని తీర్మానం రాసి, అక్కడికక్కడే డబ్బిచ్చి సంతకాలు తీసుకుంటారు.

ఈ వరసలోని పనితనం డబ్బు దారిని గమనిస్తే తెలుస్తుంది. వసూలైన సొమ్ములో ఎక్కువ భాగం సమావేశం ముగిసేలోగా మళ్లీ అప్పుగా బయటికి వెళ్లిపోతుంది. మిగిలింది బ్యాంకు ఖాతాకు పోతుంది. లీడరు ఇంట్లో ఆ రాత్రి నిలవుండే డబ్బు అంటూ పెద్దగా ఉండదు. దాంతో లీడరు సొంతానికి వాడుకునే వీలూ తగ్గింది, ఆమె భర్త చెయ్యి చాపే వీలూ తగ్గింది. తాళం, ఇనప్పెట్టె, కాపలా ఏదీ లేకుండా కేవలం పనుల వరసతోనే సొమ్ముకు రక్షణ కట్టారు. కాబూలీ వాడి దగ్గరో, ఆసామి దగ్గరో చాటుగా అప్పు చేసే మనిషి ఇక్కడ పదిమంది ఎదుట తన అవసరాన్ని నోరు తెరిచి చెప్పాలి, ఇంకొకరి అవసరాన్ని తూచి మాట్లాడాలి. కొన్నేళ్లు ఇలా కూర్చున్నాక గ్రామసభలో లేచి నిలబడి మాట్లాడటం అంత కొత్తగా ఉండదు.

మూడో భాగం వడ్డీ. ఒక లెక్క వేసుకుందాం. పన్నెండు మంది సభ్యులు, నెలకు వంద రూపాయల పొదుపు. నెలకు 1,200, ఏడాదికి 14,400 పోగవుతుంది. అందులోంచి ఒకామె 5,000 తీసుకుందనుకుందాం. ఊళ్లో బయట అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీ అయితే ఆమె నెలకు 150 కట్టాలి, అది ఆమె వాకిలి దాటి ఇక వెనక్కి రాదు. సంఘంలో నూటికి రూపాయి అయితే 50 కడుతుంది. ఆ యాభై సంఘం మూలధనంలోనే చేరుతుంది, అందులో పన్నెండో వంతు ఆమెదే. వచ్చే నెల ఇంకొకరికి ఇవ్వడానికి సొమ్ము ఆ మేరకు పెరుగుతుంది.

చీటీపాట మన ఆడవాళ్లకు తెలియనిది కాదు. తలా కొంత వేసి ఒకరు ఎత్తుకునే పద్ధతి అప్పటికే వాళ్ల చేతుల్లో ఉంది. సంఘం దాన్ని రెండు చోట్ల మార్చింది. చీటీలో ఎవరికి గొంతు మీదికి వస్తే వాళ్లు ఎక్కువ తగ్గించి పాడుకుంటారు. అంటే కష్టంలో ఉన్న మనిషే ఎక్కువ పోగొట్టుకుంటుంది. సంఘంలో అవసరాన్ని పాటతో కాక మాటతో తేలుస్తారు. ఇక చివరి పాటతో చీటీ ముగిసిపోతుంది, ఎవరి డబ్బు వాళ్లకు చేరి మూలధనం చెదిరిపోతుంది. సంఘానికి ఆ ముగింపు లేదు. అది ఏటికేడు లావెక్కుతుంది.

నాలుగో భాగం పుస్తకాలు. తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు లెడ్జరు, అప్పుల లెడ్జరు, సభ్యులకు విడిగా పాసు పుస్తకాలు. ఒకే రూపాయి కనీసం రెండు చోట్ల కనిపిస్తుంది: సంఘం లెక్కలోనూ, సభ్యురాలి చేతిలోని పుస్తకంలోనూ. రెండూ కలవకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. చదువు రాని సభ్యులకు పద్దులు చదివి వినిపించాలి. మొదట వేలిముద్ర వేసిన చాలామంది ఈ పుస్తకాల కోసమే సంతకం నేర్చుకున్నారు.

ఇంతవరకు పని ఇంటి చుట్టూనే నడిచింది. దీన్ని బ్యాంకుతో అతికిన కీలు 1991–92లో దొరికింది. రిజిస్టర్ కాని స్వయం సహాయక సంఘాల పేరున ఖాతా తెరిచి అప్పివ్వడానికి రిజర్వు బ్యాంకు దారి చూపింది. నాబార్డు 1992లో దేశం మొత్తం మీద 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టింది. సంఘం పొదుపుకు సమానంగా మొదలుకొని నాలుగింతల వరకు అప్పు ఇవ్వవచ్చన్నది అప్పటి లెక్క. బ్యాంకుకు పన్నెండు చిన్న అప్పుల బదులు ఒకే ఖాతా మిగిలింది. పేద మనిషికి అప్పివ్వడంలో బ్యాంకును అసలు వెనక్కి లాగేది ఆమె సంగతి కనుక్కోవడానికయ్యే శ్రమ. ఆమె ఇంటి రాబడి, ఖర్చు, పాత బాకీలు, ఇప్పటి అవసరం అన్నీ ఇరుగుపొరుగుకు ముందే తెలుసు. సంఘం కూర్చుని ఇంటింటి లెక్కతో సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకుంటుంది. అంటే బ్యాంకు ఫీల్డాఫీసరు చేయాల్సిన విచారణ సంఘమే జీతం లేకుండా చేసి పెడుతోందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఈ భాగాల వరస మన నేల మీద కుదిరిన తీరు చెప్పుకోదగ్గది. డ్వాక్రా పథకాన్ని కేంద్రం 1982లో యూనిసెఫ్ సాయంతో 50 జిల్లాల్లో ప్రారంభించింది. అందులో ముందు ప్రభుత్వం సంఘానికి 15,000 రూపాయల రివాల్వింగ్ ఫండు ఇస్తుంది, దాంతో వాళ్లు ఏదో ఉపాధి పని చేసుకోవాలి. డబ్బు ముందు, సంఘం తర్వాత. ఈ వరసను తిరగేసింది నెల్లూరు జిల్లా. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లలో ముందు నడిచిన రోశమ్మ పేరు, ఆ ఊరి పేరు రాష్ట్రమంతా మోగాయి. ఊరూరా సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులో కొంతైనా చేతికి మిగిలితే దాన్నేం చేయాలి? రోజుకు రూపాయి దాచుకోవాలి. అదే నెల్లూరు పొదుపులక్ష్మి ఉద్యమమైంది. ఇక్కడ సొంత పొదుపు ముందు, ప్రభుత్వం డబ్బు తర్వాత. తమ చెమట కలిసిన సొమ్ము మీద కాపలా వేరుగా ఉంటుంది. ఆ తర్వాతి సంఘాలన్నీ ఈ వరసనే పట్టుకున్నాయి.

ఎన్టీఆర్ ప్రభుత్వం 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది, 1997లో దాన్ని చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. నిషేధం పోయింది, పొదుపు సంఘాలు మాత్రం అదే కాలంలో లక్షల్లో పెరిగాయి. నిషేధం తాళం చెవి సచివాలయంలో ఉంది, సంఘం తాళం చెవి వాళ్ల వీధిలో ఉంది. ఒకే ఉద్యమం నుంచి పుట్టిన రెండు ఫలితాల్లో ఏది ఎందుకు నిలిచిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

విడి సంఘం ఎంత గట్టిగా నడిచినా మండలాఫీసులో దాని గొంతు చిన్నదే. అందుకే మెట్లు కట్టారు. సంఘానికి ఇద్దరు లీడర్లు, ఊళ్లోని సంఘాల లీడర్లంతా కలిస్తే గ్రామ సంఘం, జనం నోట వీవో. వీవోల ప్రతినిధులతో మండల సమాఖ్య, వాటి ప్రతినిధులతో జిల్లా సమాఖ్య. 1990ల నడుమ యూఎన్‌డీపీ సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ పద్ధతి రూపు దిద్దుకుంది. 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఏర్పడ్డాక వెలుగు పేరుతో, తర్వాత ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) పేరుతో రాష్ట్రమంతా పాకింది. మెట్లు కట్టడంలో పాటించిన సూత్రం ఒకటే: కింద చేయగలిగిన పని పైకి పోకూడదు. ఎవరికి అప్పివ్వాలో సంఘమే తేలుస్తుంది. కట్టలేక కుంటుపడిన సంఘాన్ని లేపడం, సామాజిక పెట్టుబడి నిధిని తిప్పడం వీవో పని. శిక్షణ, తనిఖీ, బ్యాంకులతో మాటామంతీ సమాఖ్య పని. పేటల వారీగా ఏర్పడిన సంఘాల లీడర్లు ఒకే చాప మీద కూర్చోవాల్సింది ఈ వీవో మెట్టు మీదే.

ఈ మెట్లకు చట్టపు పునాది ఎంపికలోనూ ముందుచూపు ఉంది. 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద పాలకవర్గాన్ని రద్దుచేసే అధికారం ప్రభుత్వం చేతిలో ఉండేది. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వేరు. ప్రభుత్వ వాటాధనం ఉండదు, నియమావళి సభ్యులదే, పెత్తనం సభ్యులదే. గ్రామ సంఘాల్నీ, సమాఖ్యల్నీ ఎక్కువగా ఈ చట్టం కిందే రిజిస్టర్ చేశారు.

ఈ పనితనాన్ని ఇంకో చోటికి తీసుకెళ్లడానికి దొరికిన మార్గం కూడా మనుషులే. సంఘంలో చేరి అప్పుల ఊబి నుంచి బయటపడ్డ మహిళల్నే సీఆర్పీలుగా, అంటే నేర్పేవాళ్లుగా, పంపారు. పక్క మండలాలతో మొదలై, బీహారు వంటి రాష్ట్రాల పల్లెల దాకా తెలుగు మహిళలు వెళ్లి, రోజుల తరబడి ఊళ్లోనే ఉండి సంఘాలు కట్టించారు. హిందీ అంతంత మాత్రం వచ్చినా హాజరు వేయడం, డబ్బు మధ్యలో పెట్టడం, గట్టిగా లెక్క చెప్పడం చేసి చూపించొచ్చు. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మన అనుభవం నుంచీ, కేరళ కుటుంబశ్రీ నుంచీ చాలా తీసుకుంది.

ఇంత అమరిన దారి కనబడితే ప్రభుత్వం ఊరుకోదు. 1999లో దీపం పథకం గ్యాస్ కనెక్షన్లు సంఘ సభ్యుల పేరునే వచ్చాయి. ఊళ్లో ధాన్యం కొనే బాధ్యత సంఘాలకు అప్పగించారు, తెలంగాణలో రైతులు వాటిని ఇప్పటికీ ఐకేపీ సెంటర్లనే అంటారు. 2009లో అభయహస్తం కింద సభ్యురాలు రోజుకు రూపాయి వేస్తే ప్రభుత్వం రూపాయి కలిపి అరవై ఏళ్లు నిండాక పింఛను ఇచ్చేలా చట్టమే చేశారు. 2011లో వచ్చిన స్త్రీనిధి పరపతి సమాఖ్య, అత్యవసరానికి 48 గంటల్లో అప్పు చేర్చడం లక్ష్యంగా పెట్టుకుంది.

వీటిల్లో అన్నిటికన్నా నేర్పుగా అల్లింది 2004లో వచ్చిన పావలా వడ్డీ. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి 3 శాతం. బ్యాంకు 12 శాతం తీసుకుంటే మిగతా 9 శాతం ప్రభుత్వం భరిస్తుంది. కానీ ఆ 9 శాతం ముందుగా తగ్గించదు. సంఘం గడువులోగా మొత్తం కట్టాలి, ఆ తర్వాతే రాయితీ సంఘం ఖాతాలో పడుతుంది. గడువు తప్పితే రాదు. పంచసూత్రాల్లో నాలుగోదానికి ఊతమిచ్చేలా సంక్షేమాన్ని అమర్చారు. 2012లో వడ్డీ లేని రుణాలు వచ్చినా సకాలంలో కట్టాలన్న షరతు అలాగే ఉంది.

ఒక భాగం తీసేస్తే ఏమవుతుందో రెండు సందర్భాలు చూపించాయి. మొదటిది ప్రైవేటు మైక్రోఫైనాన్సు కంపెనీలది. వాళ్లూ ఆడవాళ్లనే పోగుచేశారు, ఒకరికొకరు పూచీ పెట్టారు, వారం వారం కూర్చోబెట్టారు. సంఘం సొంత పొదుపు, తమలో తాము తేల్చుకునే తీర్మానం, ఊళ్లోనే ఉండిపోయే వడ్డీ మాత్రం ఆ నకలులో లేవు. మిగిలింది వసూలు ఒక్కటే. ఒకామె మీద నాలుగైదు అప్పులు పడ్డాయి, ఇళ్ల ముందు ఒత్తిళ్లు పెరిగాయి, ఆత్మహత్యల దాకా వెళ్లింది. 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సుతో కళ్లెం వేసింది. రెండోది రుణమాఫీ. మాఫీ చేస్తామన్న మాట ఎన్నికల్లో వినబడగానే కంతు కట్టే చెయ్యి ఆగుతుంది. కట్టినవాళ్లు వెర్రివాళ్లయ్యారనిపిస్తుంది. పావలా వడ్డీ ఏళ్ల తరబడి పెంచిన అలవాటును ఒక్క వాగ్దానం పక్కకు తోస్తుంది. ఆడవాళ్ల ఓటు బరువు పెరిగిందని దీన్నిబట్టి తెలుస్తుంది, ఆ బరువును ఎటు తిప్పుతున్నారన్నదీ తెలుస్తుంది.

ఇప్పుడు ఆ జీతం లేని విచారణ సంగతికి వద్దాం. ఈ యంత్రాన్ని నడిపే ఇంధనం ఆడవాళ్ల సమయం. పొద్దున పొలం, సాయంత్రం వంట, మధ్యలో సమావేశం. పిలుపొస్తే మండలాఫీసు మీటింగు, మంత్రిగారొస్తే సభకు తరలింపు. ఆడవాళ్లు ఊరొదిలి పారిపోరు, పొరుగింటి మాటకు వెరుస్తారు, పిల్లల కోసమైనా కడతారు. ఈ మూడు లెక్కలూ ఈ నిర్మాణం అడుగున ఉన్నాయి. తిరిగి చెల్లింపులు బాగుండటంలో వాళ్ల నిజాయితీ ఎంత ఉందో, వాళ్లకు వేరే దారి లేకపోవడమూ అంత ఉంది. మెచ్చుకునేటప్పుడు రెండోదాన్ని దాచిపెడితే అది మెచ్చుకోలు కాదు, ప్రచారం.

అధికారం దగ్గర ఈ మెట్లు ఎంతదాకా వెళ్లాయి? 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు సీట్లు మహిళలకిచ్చింది, ఉమ్మడి రాష్ట్రం దాన్ని తర్వాత సగానికి పెంచింది. ఆ సీట్లలో నిలబడటానికి హాజరు వేయడం, తీర్మానం రాయడం, లెక్క అడగడం వచ్చినవాళ్లు ఊరూరా తయారుగా ఉన్నారు. సర్పంచి పేరు ఆమెది, పెత్తనం భర్తది అన్న ఊళ్లు ఉన్నాయి. ఆ భర్తను పక్కన కూర్చోబెట్టి పని నడిపినవాళ్లలో సంఘాల్లో ఆరితేరినవాళ్లూ ఉన్నారు. ఊరు దాటి పైకి వెళితే మెట్లు ఆగిపోతాయి. 2024లో లోక్‌సభకు గెలిచిన 543 మందిలో మహిళలు 74 మంది. చట్టసభల్లో మూడో వంతు ఇస్తామన్న 2023 సవరణ, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు కావాలని తనలోనే రాసుకుంది.

కాబట్టి ఈ పనితనానికి పరీక్ష ఒకటుంది, అది ఏ ఊళ్లోనైనా పెట్టి చూడొచ్చు. వీవో సమావేశం ముందుకు అంశాలు రెండు వైపుల నుంచి వస్తాయి. పై నుంచి వచ్చేవి పథకం దరఖాస్తులు, వసూలు లక్ష్యాలు, సభకు మనుషుల్ని తేవాలన్న కబుర్లు. కింది నుంచి వచ్చేవి ఫలానా వీధికి నీళ్లు రావడంలేదనో, బెల్టుషాపు మూయించాలనో, ఫలానా అమ్మాయికి పెళ్లీడు రాకుండానే ముహూర్తం పెట్టారనో. నిర్మాణం రెండింటినీ మోయగలదు. 1992లో దూబగుంట నుంచి కదిలింది కింది నుంచే. ఒక ఏడాది తీర్మానాల్లో ఈ రెండో రకం ఎన్ని ఉన్నాయో లెక్కబెడితే, ఆ ఊళ్లో ఆడవాళ్ల చేతికి పథకం వచ్చిందా, అధికారం వచ్చిందా అన్నది వేరే సర్వే లేకుండానే తేలిపోతుంది.